తొట్టి శానా మోసం

పోయిన వారం పొన్నమ్మ ఉత్తరం అచ్చయింది. ఈ బుధవారం పొద్దున దానికి జవాబు గుడియాత్తంలో రైలెక్కి, కాట్పాడిలో దిగి, జట్కాబండిలో వేలూరు వచ్చింది. ఆ జవాబుకు మూసిన కాలరు కోటు, సరిగంచు కండువా, వెండి పొన్ను కర్ర ఉన్నాయి. పేరు రామసామి. ఏటిపేట యూనియన్ బోర్డుకు, అంటే ఆ ఊరి పంచాయతీకి, ప్రెసిడెంటు.

ఆయన జట్కా దిగి, గుర్రాన్ని ఒకసారి తిట్టి, ప్రెస్సు మెట్లెక్కే లోపల ఇంతవరకు జరిగింది చెప్పుకుందాం.

గుడియాత్తానికి రెండు మైళ్ల దూరంలో, కౌండిన్య ఏటి ఒడ్డున ఉన్న చిన్న ఊరు ఏటిపేట. మూడు నెలల కిందట, అంటే 1926 జులైలో, బోర్డువాళ్లు అక్కడ మంచినీళ్ల తొట్టి కట్టించారు. కట్టిన మేస్త్రి అంజప్ప. ప్రారంభం రోజున వేలూరు వారపత్రిక ‘పాలేటి పలుకు’ ఆ తొట్టిని రెండు కాలమ్‌ల నిండా పొగిడింది. పొగడక ఏం చేస్తుంది? వారానికి నూట యాభై ప్రతులు బోర్డు కొంటుంది. పన్నుల నోటీసులూ వేలం నోటీసులూ బోర్డు ఇస్తుంది. అందుకు బదులుగా ‘ఏటిపేట అభివృద్ధి’ అనే కాలమ్‌ను బోర్డు గుమాస్తా రాసి పంపుతాడు, పత్రిక మాట మార్చకుండా వేస్తుంది. ఇందులో తప్పుందని ఎడిటరు వేదాద్రికి ఎప్పుడూ తోచలేదు.

రెండు నెలలకే తొట్టి కారడం మొదలుపెట్టింది. పొద్దున నింపిన నీళ్లు మధ్యాహ్నానికి ఏట్లో కలుస్తున్నాయి. నేరమంతా అంజప్పదేనని బోర్డు అతన్ని పని నుంచి తీసేసింది. సున్నం దొంగిలించాడని పోలీసులకు చెబుతామంది. అతని భార్య పొన్నమ్మ రైలెక్కి వేలూరు వచ్చి, వేదాద్రి ఎదుట కూర్చుని ఒక ఉత్తరం చెప్పి రాయించింది. ఆమె చెప్పిన మాటలనే ఆయన అచ్చేశాడు:

“ఏటిపేట బోర్డువారికి పొన్నమ్మ దండాలు పెట్టి చెప్పుకునేది. మా ఇంటాయన కట్టిన నీళ్లతొట్టి శానా మోసం. మూడు బండ్ల సున్నం ఇచ్చేయండి. ఇచ్చేస్తే ఇంతటితో సరిపోతాది.”

వేలూరులో ఆ వారం ప్రతులన్నీ శనివారానికే అయిపోయాయి. వేదాద్రి కొత్త ఉత్తరీయం కొనుక్కున్నాడు.

రేపు గురువారం పత్రిక మళ్లీ వెలువడుతుంది. ఎల్లుండి శుక్రవారం తొట్టిని పరీక్షించడానికి ఇంజనీరు వస్తున్నాడు. రేపటి పత్రికలో ఏముంటుందో ఎల్లుండి ఇంజనీరు చేతిలో అదే ఉంటుంది. అంజప్ప మళ్లీ తాపీ పట్టుకుంటాడా, సంకెళ్లు వేయించుకుంటాడా అన్నది దాన్ని బట్టే తేలుతుంది.

రామసామి లోపలికి వచ్చాడు.

“రండి రండి, ప్రెసిడెంటుగారూ,” అని వేదాద్రి తన కుర్చీయే తెచ్చి వేశాడు.

వేదాద్రిది బందరు. వేలూరు వచ్చి రెండేళ్లయింది. ఇక్కడి తెలుగులో సగం ఆయనకు అర్థమయ్యేది. మిగతా సగం అర్థమైందని అనుకునేవాడు.

గోడ పక్కన టైపు పెట్టెల ముందు, పత్రికకు అచ్చక్షరాలు పేర్చే కాంచన నిలబడి ఉంది. ఇరవై నాలుగేళ్ల మనిషి. తండ్రి అంతోని మిషన్ ప్రెస్సులో కంపోజిటరుగా పనిచేసి, కూతురికి అక్షరాలు పలక మీద కాకుండా సీసం అచ్చుల్లోనే నేర్పాడు. జట్కా ఆగగానే కిటికీలోంచి చూసి, ఉత్తరానికి బదులేమైనా వచ్చిందేమోనని మళ్లీ వచ్చి, అప్పటిదాకా తనతో కబుర్లాడుతున్న పొన్నమ్మను వెనక వసారాలోకి తోసి తలుపు దగ్గరికి వేసింది ఆమే.

“కూర్చుంటాము లేప్పా,” అన్నాడు రామసామి, నడుము పట్టుకుని. “ముందు కొంచెం నీళ్లు ఇప్పించు. కాట్పాడి నుంచి ఇక్కడికి వచ్చేలోపల ఎముకలన్నీ లెక్కకు వచ్చినాయి. రోడ్డు శానా మోసం.”

వేదాద్రి చెయ్యి గబుక్కున పెన్సిలు మీదికి పోయింది. “రోడ్డులోనూ మోసమేనా? ఏ కంట్రాక్టరండీ?”

“కంట్రాక్టరేంది?”

“అదే, మోసం చేసినవాడు.”

రామసామి కర్రతో వీధి వైపు చూపించాడు. “ఎవురు చేసేదేంది నాయనా. వాన పడింది, గుంతలు పడింది. రోడ్డు మోసం అంటే రోడ్డు మోసం. బండి పరవాల్లేదు, గుర్రం కూడా మోసమే, ఒక కాలు ఈడస్తా ఉండాది. దానికీ కంట్రాక్టరు పేరు కావాల్నా?”

వేదాద్రి చేతిలో పెన్సిలు అలాగే ఆగిపోయింది. నీళ్లు తెస్తానని లేచి, కూజా దగ్గరికి కాకుండా నేరుగా కాంచన దగ్గరికి వెళ్లాడు.

“కాంచనా,” అన్నాడు గొంతు తగ్గించి, “మోసం అంటే ఏమిటి?”

“బాగలేదు అని.”

“దగా అని కాదూ?”

“దగా అని కూడా అంటారు. ఎప్పుడో ఒకతూరి. మామూలుగా అయితే పాలు విరిగితే మోసం, ఒళ్లు కాలితే మోసం, సాంబారులో ఉప్పు ఎక్కువైతే మోసం.”

“మరి ఆ ఉత్తరం పేర్చేటప్పుడు నాకు చెప్పలేదేం?”

“ఏం చెప్పేదయ్యా? తొట్టి బాగలేదు అని ఉన్నింది. బాగలేదు అనే పేర్చినా. మీరేమనుకుంటిరి?”

బోర్డు దగాను బయటపెట్టాననుకున్నాడు ఆయన. వారం రోజులుగా అదే అనుకుంటూ, అద్దంలో తనను తాను కొత్త గౌరవంతో చూసుకుంటున్నాడు.

“పోనీ, మూడు బండ్ల సున్నం? ఇచ్చేయండి అని ఎందుకంది? తిన్నది కక్కమనేగా?”

కాంచన మేకుకు గుచ్చిన పాత కాగితాల్లోంచి పోయిన వారం పెన్సిలు ప్రతిని లాగి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దస్తూరీయే. చివర ఒక వాక్యం ఎర్ర పెన్సిలుతో కొట్టేసి ఉంది. ఆ కొట్టివేతా ఆయనదే.

“మేమే పూసుకుంటాము, కూలి వద్దు.”

వేదాద్రికి గుర్తొచ్చింది. కాలమ్‌లో రెండు పంక్తులు ఎక్కువయ్యాయి. కింద బోర్డువాళ్ల కుక్కల పన్ను నోటీసు ఉంది, దాన్ని తగ్గించడానికి లేదు. పొన్నమ్మ మాట తగ్గించాడు.

అంటే పొన్నమ్మ ఎవరి మీదా నేరం మోపలేదు. తన మొగుడు కట్టిన తొట్టి బాగా రాలేదని తనే ఒప్పుకుంది. సున్నం ఇప్పిస్తే ఊరికే మళ్లీ పూస్తామంది. అంతే. ఇంత అమాయకమైన ఉత్తరాన్ని వేదాద్రి ఒక మనిషి గుండెల మీద పేలే ఫిరంగి చేసి అచ్చేశాడు.

“క్షమాపణ చెప్పేస్తాను,” అన్నాడు నీరసంగా.

“నీళ్లు ఇయ్యండి ముందు,” అంది కాంచన.

రామసామి నీళ్లు తాగి, గ్లాసు దించి, ఒళ్లోని మూట విప్పాడు. నాలుగు కైలీలు, అంటే గళ్ల లుంగీలు.

“ఎడిటరయ్యా, నేను కోపంగా రాలే. గుడియాత్తం నేత ఇది, చెయ్యి పెట్టి చూడు. కట్టే అలవాటు లేకుంటే తల తుడుచుకో.”

“అయ్యో, ఇవన్నీ ఎందుకండీ. నేనే మీతో ఒక మాట చెప్పాలి...”

“నేను చెప్పేది విను. ఇప్పుడు బోర్డు నూట యాభై ప్రతులు తీసుకుంటా ఉండాది. ఇకమీద ఐదు నూర్లు. పక్క బోర్డులో ప్రెసిడెంటు నా మచ్చాన్, అంటే మా ఇంటామె అన్న. ఆయన మూడు నూర్లు తీసుకుంటాడు. రెండు బోర్డుల నోటీసులూ నీకే.”

వేదాద్రి క్షమాపణ గొంతులోనే ఉండిపోయింది. “ఎనిమిది వందలా? ఏటిపేటలో తెలుగు చదివేవాళ్లు పదిమంది ఉంటారా అండీ?”

“చదివేదానికి ఎవురప్పా కొనేది? బోర్డు కొంటాది, బోర్డాఫీసులో కట్ట కట్టి పెడతాము. అధికార్లు వస్తే ముందేస్తాము. నేనే చదవను. మాకు తెలుగు నోట్లోనే ఉండాది, కంట్లో లేదు. అరవం చదువుతాను, తెలుగు అయితే గుమాస్తా చదివి చెప్తాడు.” ఆయన కోటు జేబులోంచి మడత కాగితం తీశాడు. “రేపటి పేపర్లో ఇది పడాల. మొదటి పేజీలో. కింద నీ పేరు.”

వేదాద్రి కాగితం విప్పి పైకే చదివాడు.

“‘గత వారము మా పత్రికలో పడిన ఉత్తరము పూర్తిగా అబద్ధము. బోర్డువారు ఏ మోసమును చేసి యుండలేదు. మేస్త్రి అంజప్ప సున్నమును దొంగిలించుటవలననే తొట్టి చెడినదని మా విచారణలో తేలినది.’” ఆగి తలెత్తాడు. “‘మా’ అంటే ఎవరండీ?”

“మీరే. పత్రిక.”

“నేను విచారణ ఏమీ చేయలేదే.”

“నీకు పని ఎక్కువ కదా. అందుకని మేమే చేసి పంపినాము.”

వసారాలో ఎవరో దగ్గారు. కాంచన వెంటనే టైపు పెట్టెను గట్టిగా కదిపి సద్దుచేసింది.

వేదాద్రి కాగితాన్ని బల్ల మీద పెట్టి దాని వంకే చూస్తూ కూర్చున్నాడు. మొదటి రెండు వాక్యాలు నిజమే కదా అని ఆయన మనసు నసిగింది. మోసం అని ఆ మనిషి అననే లేదు. తప్పు తనది. తప్పు ఒప్పుకుంటూ కింద పేరు పెట్టడంలో తప్పేముంది? మూడో వాక్యం మాత్రం గొంతు దిగడం లేదు. దాని కింద తన పేరు పడితే ఎల్లుండి సాయంత్రానికి అంజప్ప గుడియాత్తం పోలీసు స్టేషన్‌లో ఉంటాడు. ఎనిమిది వందల ప్రతులు. కాలితో తొక్కే పాత ట్రెడిల్ అచ్చుయంత్రం మార్చి కొత్తది కొనొచ్చు. ఆయన చెయ్యి కలం దాకా వెళ్లింది.

“ప్రెసిడెంటయ్యా, ఒక మాట అడిగితే కోపం రాదు కదా?”

రామసామి తిరిగి చూశాడు. టైపు పెట్టెల దగ్గర నుంచి కాంచన రెండడుగులు ముందుకొచ్చింది.

“అడుగమ్మా. అంతోని కూతురు కదా నువ్వు.”

“ఆ ఉత్తరం మీకు ఎవురు చదివి వినిపించినారు?”

“గుమాస్తా.”

“తొట్టి శానా మోసం అని వినిపించినాడు.”

“ఆమా. ఊరంతా విన్నింది. దానికే కదా వచ్చింది.”

“ఇప్పుడే మీరు రోడ్డు మోసం అన్నారు. అంటే గుంతలు. గుర్రం మోసం అన్నారు. అంటే కాలు. నేనైతే తొట్టి మోసం అంటే కారతా ఉండాది అనుకున్నా. మా ఎడిటరయ్య బందరాయన, ఆయన దగా అనుకున్నాడు, సరే. మీరు మన పక్క మనిషి. మీరెందుకు దగా అనుకుంటిరి?”

రామసామి కర్రను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

“మోసం ఒక్కటే అయితే నేనూ కారతా ఉండాది అనే అనుకుంటా ఉంటిని,” అన్నాడు చివరికి, గొంతు పెంచి. “మూడు బండ్ల సున్నం ఇచ్చేయండి అన్నింది చూడు. ఎవురు చెప్పినారు దానికి మూడు అని? పోయిందని గుమాస్తా లెక్కలో రాసింది కూడా రెండే.”

ట్రెడిల్ ఆగి ఉంది. బజారులో ఎవరో దోసకాయలు అమ్ముతున్న కేక లోపలిదాకా వినబడింది.

తాను ఏమన్నాడో రామసామికి ఆ కేక ముగిసేసరికి అర్థమైంది. వేదాద్రికి ఇంకాస్త ముందే అర్థమైంది. ఆయన చెయ్యి కలం మీది నుంచి నెమ్మదిగా వెనక్కి వచ్చింది.

సరిగ్గా అప్పుడు వసారా తలుపు తెరుచుకుని పొన్నమ్మ వచ్చింది. ఎండకు నల్లబడిన ఒడ్డూ పొడుగూ మనిషి, నోట్లో వక్కాకు. ఎంత తోసినా నిలిచే రకం కాదు.

“మూడు ఉంటేనే సామీ రెండు పూతలు పడతాది,” అంది, అక్కడికేదో కూలి మాట్లాడుతున్నట్టు. “రెండు బండ్లు లోపలి పూతకే అయిపోతాది. బయటికి చాలదు. ఇరవై ఏండ్లుగా ఆయన వెనకాల గంప మోస్తా ఉండాను, ఆమాత్రం తెలీదా? దీనికి ఎవురో వచ్చి చెప్పాల్నా?”

రామసామి ఆమెను చూశాడు. తర్వాత కైలీలను చూశాడు.

“నువ్వు... పూసేదానికి అడిగినావా?”

“ఇంకెందుకు సామీ? తినేదానికా?” ఆమె పైట చెంగుతో మూతి తుడుచుకుంది. నవ్వు ఆగిపోయింది. “ఆ పొద్దు సున్నం తక్కువ వచ్చింది. ఆయన చెప్పినాడు, వద్దు, ఆపుదాము అని. ప్రారంభం తేదీ పెట్టేసినాము, మట్టి కలుపు అనిరి మీవాళ్లు. ఆయన కలిపినాడు. కలిపింది ఆయన చెయ్యే కదా. అప్పటినుంచి ఒక ముద్ద సరిగ్గా తినడు. మీరు దొంగ అన్నారని కాదు. ముప్పై ఏండ్లలో కట్టిన పనిలో ఇదొక్కటే మోసమాయె అని గోడపక్క తిరిగి పడుకుంటాడు. పోలీసులు వస్తే రానీ అంటాడు. తొట్టి మాత్రం ఒకతూరి మళ్లా పూసేసి పోతాను అంటాడు. దానికే నేను రైలెక్కింది.”

వేదాద్రి కొత్త ఉత్తరీయం సర్దుకున్నాడు, అది ఇప్పుడు కాస్త బరువుగా అనిపించింది.

“అయితే తక్కువ వచ్చిన మూడు బండ్లూ ఎటు వెళ్లాయండీ?” అన్నాడు.

“అది... సున్నం కాల్చే సూళ దగ్గరే తక్కువ వేసినారు. నేను విచారిస్తాను.”

“విచారించే పని లేదయ్యా,” అంది కాంచన. “మన పేపర్లోనే వచ్చింది.”

“ఏం వచ్చింది?” ఇద్దరు మగవాళ్లూ ఒకేసారి అడిగారు.

ఆమె పాత సంచికల కట్ట దించి, ఆగస్టు మూడో వారం ప్రతి తీసి, ‘ఏటిపేట అభివృద్ధి’ కాలమ్ మీద వేలు పెట్టి చదివింది.

“‘బోర్డు ప్రెసిడెంటు శ్రీ రామసామిగారు గుడియాత్తములో నూతనముగా నిర్మించిన గృహమును ప్రజలు తండోపతండములుగా వచ్చి చూచుచున్నారు. మూడు బండ్ల గానుగ సున్నముతో అద్దమువలె పోసిన గచ్చు కన్నులపండువుగా నున్నది.’ నేనే పేర్చినా. మీ గుమాస్తా రాసి పంపింది. ఒక్క అక్షరం మార్చలే.”

వేదాద్రి ప్రతి లాక్కుని చూశాడు. అక్కడే ఉంది. తన పత్రికలో, బోర్డు ఖర్చుతో, నూట యాభై ప్రతుల్లో. ఏటిపేట బోర్డాఫీసులో అధికారుల కోసం కట్ట కట్టి పెట్టిన నూట యాభై ప్రతుల్లో.

“కళ్యాణమండపం మాదిరి ఉండాదంట ఆ ఇల్లు,” అంది పొన్నమ్మ మెచ్చుకోలుగా. ఆమెకు ఇంకా లెక్క కలవలేదు. కలిసేసరికి ఆమె నోట్లో వక్కాకు ఆగింది. “ఓహో,” అంది.

రామసామి మొహం కాసేపు సున్నం రంగులోనే ఉంది. తర్వాత, ఆయన్ని మెచ్చుకోవాలి, గట్టిగా నవ్వేశాడు.

“వాడికి పొగిడేటప్పుడు చెయ్యి నిలవదు,” అన్నాడు గుమాస్తాను తలచుకుని. “సరి. అయిందేదో అయింది. ఎడిటరయ్యా, ఆ కాగితం ఇటియ్యి.” క్షమాపణ కాగితం తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. “పొన్నమ్మా, నువ్వడిగింది మూడు బండ్లే కదా? ఇస్తాను. నేను వచ్చేటప్పుడే బండ్లకు చెప్పి వచ్చినా. రేపు తెల్లారేటప్పటికి నీ వాకిట్లో ఉంటాది. నువ్వే దగ్గరుండి దింపించుకో. అంజప్పను పూయమను. శుక్రవారం ఇంజనీరు వస్తే తొట్టి తళతళలాడాల.”

పొన్నమ్మ కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. చేతులెత్తి దండం పెట్టింది. “ఆయన లేచి కూర్చుంటాడు సామీ. ఈ మాట చెప్తే ఈ రోజే లేచి కూర్చుంటాడు.”

“పత్రికలో ఏమని వెయ్యమంటారు?” అడిగాడు వేదాద్రి.

“అంజప్ప మళ్లా పూస్తాడు అని. అంతే. ఐదు నూర్ల మాట మాటే. మచ్చాన్ మూడు నూర్లూ అంతే.”

వేదాద్రి కైలీలను మూట కట్టి ఆయన ఒళ్లో పెట్టాడు.

“వద్దండీ. ఐదు వందలూ వద్దు, నూట యాభై కూడా వద్దు. ఇకమీద ఏటిపేట సంగతి మేమే వచ్చి చూసి రాసుకుంటాం. ఈ వారం పొన్నమ్మ ఉత్తరమే మళ్లీ వేస్తాను, కొట్టేసిన వాక్యంతో సహా. పక్కనే ఆగస్టు నాటి మీ గచ్చు కూడా వేస్తాను.”

“ఎట్ల బతుకుతావప్పా?” రామసామి నిజంగానే అడిగాడు.

“ఇంకా ఆలోచించలేదండీ.”

కాంచన అటు తిరిగి నవ్వుకుంది. రెండేళ్లలో ఆయన నోట ఆమెకు పూర్తిగా నచ్చిన మాట ఇదే.

రామసామి లేచాడు. ఓడిపోయిన మనిషిలా లేడు. గుమ్మం దాకా వెళ్లి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, కోటు జేబులు మూడూ తడుముకుని, లోపలి జేబులోంచి ఇంకో మడత కాగితం తీశాడు. విప్పి, తలకిందులుగా పట్టుకుని, కళ్లు చికిలించి చూసి తలూపాడు.

“సంత వేలం నోటీసు. ఇదైనా వెయ్యి. చట్టం ప్రకారం వెయ్యాల్సిందే. దీంట్లో పొగడ్త లేదులే.”

చట్టం అంటే వేదాద్రి కాదనలేకపోయాడు. తీసుకుని కాంచనకిచ్చాడు.

“పొన్నమ్మా, నువ్వెందుకు నడిచేది? నేను ఇక్కడ ఇంకో పని చూసుకుని సాయంత్రం వస్తాను. నా జట్కాలో కాట్పాడికి పో. పన్నెండు గంటల బండికి అందుకుంటావు.”

పొన్నమ్మ జట్కావాడి పక్కన ఎక్కి కూర్చుంది. బండి కదిలేముందు వంగి కాంచన చెయ్యి పట్టుకుంది. “పాపా, తొట్టి పూసినాక వచ్చి చూడాల నువ్వు. నీళ్లు పోసి ఒక రోజంతా కూర్చుందాము. చుక్క పోతే నన్నడుగు.” కుంటిగుర్రం బజారు మలుపు తిరిగింది.

ప్రెస్సులో ఇద్దరే మిగిలారు. వేదాద్రి కాగితాల కట్ట ముందేసుకుని, పోయే ప్రతులెన్ని, ఉండే చందాదారులెందరు అని ఆలోచిస్తూ, మధ్యమధ్య తనలో తాను నవ్వుకుంటున్నాడు. కాంచన పొన్నమ్మ ఉత్తరం మళ్లీ పేర్చి ముగించి, గంట తర్వాత నోటీసు కాగితాన్ని పెట్టె మీద ఆనించి, అచ్చులు పేర్చే ఇనుప పట్టీ ఎడమచేతిలోకి తీసుకుంది. పని చేతులు మొదలుపెట్టేశాయి. పేర్చేటప్పుడు ఆమెకు ఒక్కో అక్షరమే కనబడేది, మాటలు పంక్తి నిండాకగాని తెలిసేవి కావు.

మొదటి పంక్తి నిండింది. ఆమె వేలు దాని మీద నడిచింది.

“అయ్యా,” అంది, “సంత వేలం నోటీసులో గురువారం అని ఎందుకుంటాది? సంత సోమవారం కదా?”

“గుమాస్తా తప్పు రాసి ఉంటాడు. సోమవారం చెయ్యి.”

ఆమె పట్టీ కిందపెట్టి, కాగితం చేతిలోకి తీసుకుని, ఈసారి మనుషులు చదివినట్టు చదివింది. చదువుతుంటే ఆమె గొంతు తగ్గుతూ వచ్చింది.

“‘ఏటిపేట, గురువారము. నేటి ఉదయము పోలీసువారు మేస్త్రి అంజప్ప ఇంటి వాకిట, బోర్డునుండి దొంగిలింపబడిన మూడు బండ్ల సున్నమును పట్టుకొనిరి. నేరస్థుని సంకెళ్లు వేసి గుడియాత్తము తీసికొనిపోయిరి. సున్నమును తానే దగ్గరుండి దింపించుకొన్నట్లు అతని భార్య పొన్నమ్మ ఒప్పుకొన్నది.’”

వేదాద్రి లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది.

“ఇవాళ...” అన్నాడు.

“బుధవారం,” అంది కాంచన. “చదవలేనాయన, నోటీసు అనుకుని రేపటి కాగితం ఇచ్చి పోయినాడు.”

ఐదు మైళ్ల అవతల, కాట్పాడి నుంచి పన్నెండు గంటల బండి కదలడానికి ఇంకా పావుగంటే ఉంది. పొన్నమ్మ ఈపాటికి టికెట్టు కొని, అంజప్పకు చెప్పాల్సిన మంచి మాటను నోట్లో తిప్పుకుంటూ, సున్నం దింపించుకోవడానికి ఇంటికి బండెక్కుతూ ఉంటుంది.